తెలుగు తెరపై కౌబాయి: రూపం వచ్చింది, వస్తువు ఏది?

మన సాహిత్య సభలలో సినిమా ప్రసక్తి వచ్చినప్పుడు రెండు వైఖరులు కనబడుతూ ఉంటాయి. ఒకటి, సినిమాను వ్యాపారమని తోసిపుచ్చి ఆ పైన మాట్లాడటానికే నిరాకరించటం. రెండవది, సభ ముగిసిన తరువాత అదే సినిమాను గురించి టీ దుకాణం దగ్గర గంటల తరబడి ఉత్సాహంగా చెప్పుకోవటం. మొదటి వైఖరిలో విమర్శ లేదు. రెండవదానిలో బాధ్యత లేదు. లక్షలాది ప్రజల ఊహలను తీర్చిదిద్దే కళను అభ్యుదయ విమర్శకులు టీ దుకాణానికి వదలివేయటం న్యాయం కాదు. ఈ దృష్టితోనే 1971 ఆగస్టు 27న విడుదలైన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రాన్నీ, అది తెలుగులో నెలకొల్పిన కౌబాయి బాణీనీ ఇక్కడ పరిశీలించదలచాను.

ఈ పరిశీలనకు నన్ను పురికొల్పింది ఒక విద్యార్థి వేసిన ప్రశ్న. నటుడు కృష్ణ 2022 నవంబరులో కన్నుమూసిన తరువాత, 2023 మే 31న, ఆయన పుట్టినరోజు సందర్భంగా ఈ చిత్రాన్ని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. నేను కొందరు విద్యార్థులతో కలిసి చూశాను. హాలులో ఈలలు, కేరింతలు. బయటికి వచ్చాక మా నాదర్‌గుల్ కుర్రవాడొకడు అడిగాడు: “సార్, గంత జాగ ఎవలది? గుర్రాలు ఉరుకుతనే ఉన్నయి గని, ఒక్కలన్న దున్నుతలేరేంది?” తోటివారు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. “అది కాలక్షేపం సినిమా, అందులో అవి వెదకగూడదు” అని ఏదో సమాధానం చెప్పినట్టు గుర్తు. ఆ సమాధానం తప్పని ఇంటికి చేరేసరికి తెలిసివచ్చింది. ఎల్.బి. నగర్ దాటి మా ఊరికి వచ్చే దారిలో కడీలు పాతి, ముళ్ళతీగ చుట్టిన ప్లాట్లు వరుసగా కనబడతాయి. వాటిలోనూ ఎవరూ దున్నటం లేదు. ఆ పిల్లవాడి తాత ఒకప్పుడు కౌలుకు చేసిన నేల అక్కడే ఎక్కడో ఉన్నది. అతని ప్రశ్న అమాయకమైనది కాదు.

కౌబాయి చిత్రం పుట్టిన దేశంలో దానికి ముడిసరుకు భూమే. 1862లో అమెరికా ప్రభుత్వం చేసిన చట్టం ప్రకారం పడమటి ప్రాంతాలలో స్థిరపడదలచిన కుటుంబానికి 160 ఎకరాల నేల ఇచ్చారు. రైలు కంపెనీలకు అంతకంటె ఎన్నో రెట్లు ధారాదత్తం చేశారు. ఆ నేల ఖాళీగా లేదు. అక్కడ తరతరాలుగా ఆదివాసులు జీవిస్తున్నారు. 1874లో ముళ్ళతీగకు పేటెంటు వచ్చాక పశువులను తోలుకొనేవారికీ, కంచె వేసేవారికీ మధ్య పోరాటాలు ముదిరాయి. 1890 డిసెంబరులో వూండెడ్ నీ వద్ద లకోటా ప్రజలను, స్త్రీలూ పిల్లలతో సహా, సైన్యం ఊచకోత కోసింది. సరిగ్గా 13 ఏళ్ళకు, 1903లో, ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ అనే చిన్న చిత్రం వచ్చింది. నెత్తురు ఆరీ ఆరకముందే ఆ చరిత్ర వినోదంగా మారింది. నేల లాక్కున్నవాడు వీరుడయ్యాడు. నేల పోగొట్టుకున్నవాడు కొండచాటునుంచి బాణాలు వేసే క్రూరుడయ్యాడు. 1939లో జాన్ ఫోర్డ్ తీసిన ‘స్టేజ్‌కోచ్’ కళాదృష్టితో ఎంత గొప్పదైనా, అందులోని అపాచీలు తుపానువంటి ప్రకృతి ప్రమాదమే తప్ప మనుషులు కారు.

అయితే ఒక రూపం పాలకవర్గపు ఊయలలో పుట్టినంత మాత్రాన చివరివరకూ వారి సేవలోనే ఉంటుందనుకోవటం యాంత్రికమవుతుంది. 1952లో వచ్చిన ‘హై నూన్’ చూడండి. హంతకులు ఊరిమీదికి వస్తుంటే రక్షకుడి వెంట నిలిచేందుకు ఒక్క పౌరుడూ ముందుకు రాడు. ఆ కథ వ్రాసిన కార్ల్ ఫోర్‌మన్‌ను అదే కాలంలో కమ్యూనిస్టు వేట జరుపుతున్న అమెరికా సంఘం విచారణకు పిలిచింది. ఆయన పేర్లు చెప్పటానికి నిరాకరించి, హాలీవుడ్‌లో పని కోల్పోయి ఇంగ్లండుకు వెళ్ళిపోయాడు. మిత్రులు తలుపులు మూసుకోవటం ఆయనకు ఊహ కాదు, అనుభవం. ఆ చిత్రం నచ్చని హావర్డ్ హాక్స్, జాన్ వేన్‌లు 1959లో ‘రియో బ్రావో’ తీసి జవాబు చెప్పారు. అంటే టోపీ, గుర్రం, తుపాకి రెండు పక్షాలకూ ఒకటే, దృక్పథాలు వేరు.

ఈ రూపం దేశాలు దాటిన తీరు కూడా గమనించదగ్గది. జాన్ ఫోర్డ్‌ను అభిమానించిన జపాను దర్శకుడు కురొసావా 1961లో ‘యొజింబో’ తీశాడు. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోని ఆ కథను ఎత్తుకొనివచ్చి 1964లో ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ తీశాడు. జపాను సంస్థకు పరిహారం చెల్లించవలసివచ్చింది. తరువాత 1965, 1966లలో మరి రెండు చిత్రాలు. అమెరికా పేరుతో లియోని చూపిన ఎడారి స్పెయిను దేశంలోని అల్మేరియా ప్రాంతం. 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో ముగ్గురు బంగారం కోసం పరుగెత్తుతుంటే వారి చుట్టూ అంతర్యుద్ధం సాగుతుంది. ఒక వంతెనకోసం వేలమంది సైనికులు చస్తుంటారు. బంగారం చివరికి సమాధుల మధ్య దొరుకుతుంది. ఆ ఏడాదే, ‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ రచయిత ఫ్రాంకో సొలీనాస్ పాలుపంచుకొన్న ‘ఎ బుల్లెట్ ఫర్ ది జనరల్’ ఈ బాణీని మెక్సికో విప్లవంలోకి తీసుకుపోయింది. కనుక ‘మోసగాళ్ళకు మోసగాడు’ అనుకరణ అని చెప్పి చేతులు దులుపుకోవటం చాలదు. లియోని కూడా అనుకర్తే. అనుకరించేవాడు ఏది ఉంచుకొన్నాడు, ఏది పారవేశాడు అన్నదే విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

తెలుగు చిత్రపు నిర్మాణ వివరాలు మన చరిత్రలో భాగం. పద్మాలయా సంస్థ నిర్మించింది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి, సంగీత దర్శకుడు పి. ఆదినారాయణరావు, కథానాయిక విజయనిర్మల. కథనూ మాటలనూ సమకూర్చినది ఆరుద్ర. తెల్లవారు మన సంస్థానాలను కబళిస్తున్న కాలంలో అమరవీడు అనే సంస్థానపు నిధి, దానికోసం వేట, ఆ వేటలో కృష్ణప్రసాద్ అనే రౌతు, నాగభూషణం పోషించిన నక్కజిత్తుల నాగన్న అనే జిత్తులమారి — ఇదీ ఇతివృత్తపు చట్రం. రాజస్థాన్ ఎడారిదాకా వెళ్ళి ఈస్ట్‌మన్ కలరులో తీశారు. తెలుగులో విజయం సాధించి తమిళం, హిందీలలోకే గాక ఇంగ్లీషులోకి కూడా మార్చబడింది. దీని ఆదర్శాలు లియోని చిత్రాలూ, మన దేశంలో విపరీతంగా ఆడిన 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’ అన్నది అందరికీ తెలిసిన విషయమే.

ఈ చిత్రంలోని బలాన్ని ముందుగా ఒప్పుకోవాలి. అప్పటి మన సాంఘిక చిత్రం బంగళా మెట్ల దగ్గర, పియానో పక్కన, అపార్థాలతో కన్నీరు కారుస్తూ కూర్చున్నది. అటువంటి తెరమీదికి ఇంటిపేరు అడగని, కులం చెప్పని, మామగారి ఆస్తికి ఆశపడని ఒక మనిషి గుర్రంమీద వచ్చాడు. ఆకాశం తెరనిండా పరచుకొన్నది. ఇది చిన్న మార్పు కాదు. నేల టిక్కెట్టు ప్రేక్షకుడు వేసిన ఈలలో పెంకితనంతోబాటు విముక్తి కూడా ఉన్నది. దాన్ని గుర్తించని విమర్శ ప్రజలనుంచి దూరమవుతుంది.

నాగభూషణం పాత్ర మరొక విశేషం. లియోని చిత్రంలోని మూడవ మనిషి, కడుపుకోసం ఎత్తులు వేసే ఆ బైరాగి దొంగ, తెలుగులోకి వచ్చేసరికి మన సురభి, మన వీధి నాటకాల వాసన పట్టుకొన్నాడు. ‘నక్కజిత్తుల’ అనే విశేషణంలోనే ఆరుద్ర చేయి తెలుస్తుంది. అరువు తెచ్చిన చట్రంలో సొంత భాష ఊపిరి పోసిన చోటు ఇది.

ఇక్కడ మరొక సంగతి. కౌబాయి మనకు పూర్తిగా కొత్తవాడు కాడు. 1951లో కె.వి. రెడ్డి తీసిన ‘పాతాళభైరవి’ నాటినుంచీ, విఠలాచార్య చిత్రాలదాకా, జానపద చిత్రాలలో గుర్రం ఉన్నది, సాహసం ఉన్నది, గుప్తనిధి ఉన్నది. కౌబాయి చిత్రం ఆ ఖాళీ అవుతున్న స్థలంలోకి వచ్చింది. కత్తి పోయి తుపాకి వచ్చింది, తలపాగా పోయి టోపీ వచ్చింది. అయితే ఒక మౌలికమైన తేడా ఉన్నది. తోటరాముడు తోటమాలి కొడుకు. అతనికొక తల్లి ఉన్నది, రాజకుమార్తెను కోరటంలో ఒక వర్గ ధిక్కారం ఉన్నది. కౌబాయికి తల్లీ లేదు, తోటా లేదు. మనిషి తలకు ఇంత రొక్కమని వెల కట్టే లోకంలో అతడు తిరుగుతాడు. రాజ్యం, రాకుమారి అనే పాత బహుమానాల స్థానంలో సొమ్ము వచ్చి కూర్చున్నది. కోస్తా జిల్లాల వ్యవసాయపు మిగులు సినిమాలోకి ప్రవహిస్తున్న రోజులవి. రాజు కథ పోయి రొక్కం కథ రావటం కాకతాళీయం కాదు.

ఇక ప్రధాన ప్రశ్నకు వద్దాం. ఈ చిత్రం పారవేసినది ఏమిటి? భూమిని. లియోని బంగారం చుట్టూ ఒక యుద్ధాన్ని, అందులో చచ్చే సామాన్యులను చూపించాడు. మన చిత్రంలో తెల్లవారి ఆక్రమణ కథకు కారణమై, ఆ వెంటనే వెనుక తెరగా మారిపోతుంది. దోపిడి అయినది నిధి మాత్రమే అన్నట్టు కథ నడుస్తుంది. సంస్థానంలో రైతు ఎవరు, శిస్తు ఎవరు కట్టారు, ఆ నిధిలోని నగలు ఎవరి చెమట — ఈ ప్రశ్నలకు అందులో చోటు లేదు. అందుకే ఎడారి అవసరమయింది. ఎడారిలో దున్నేవాడు ఉండడు. దున్నేవాడు లేనిచోట భూమి ఎవరిదన్న ప్రశ్న పుట్టదు. మా విద్యార్థి పట్టుకొన్నది సరిగ్గా ఈ కీలకాన్నే.

ఇంకొక విడ్డూరం చూడండి. 1975లో ‘షోలే’ తీసిన హిందీవారు బెంగుళూరు దగ్గరి రామనగరం బండలను వెదుక్కుంటూ దక్షిణానికి వచ్చారు. హైదరాబాదు చుట్టుపట్ల అటువంటి బండలు కోకొల్లలుగా ఉండగా, మనవారు ఇసుకను వెదుక్కుంటూ ఉత్తరానికి వెళ్ళారు. ఎంతో శ్రమపడి, ధైర్యంగా వెళ్ళారు, కాదనను. కాని ఆ బండల మధ్య, ఆ సినిమాకు ఇరవై ఏళ్ళ ముందే, గుర్రాలూ తుపాకులూ గల ఒక మహా కథ నడిచింది. 1946 నుంచి 1951 వరకు తెలంగాణా రైతు దేశ్‌ముఖులకూ, రజాకార్లకూ, ఆ తరువాత సైన్యానికీ ఎదురు నిలిచాడు. దాని నడిబొడ్డున ఉన్నది భూమి.

ఈ మాట ఆరుద్రకు ఎవరూ చెప్పనక్కరలేదు. రజాకార్ల దురంతాలు కదిలించగా 1949లో ‘త్వమేవాహం’ వెలువరించిన కవి ఆయన. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం ఏర్పడింది. ఆ ఉద్యమపు గాలి పీల్చిన తరం ఆయనది. ఆ తెనాలి పక్కనే ఉన్న బుర్రిపాలెం కృష్ణ స్వగ్రామం. ఇంత దగ్గరగా నిలబడి ఉన్న చరిత్రనుంచి మొదటి తెలుగు కౌబాయి చిత్రం అంత దూరంగా పోవటానికి కారణమేమిటి? ఆరుద్రను దోషిగా నిలబెట్టటం నా ఉద్దేశం కాదు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ వంటి బృహత్కార్యాన్ని తలకెత్తుకున్న మనిషి సినిమాకు వ్రాయటాన్ని తప్పుపట్టే అర్హత, నెల జీతం తీసుకునే నావంటివారికి లేదు. శ్రీశ్రీ, ఆత్రేయ, దాశరథి — అందరూ వ్రాశారు. తప్పు మన విమర్శది. వారి కవిత్వాన్ని ఒక కొలతతో, సినిమా రచనను మరొక కొలతతో చూసి, రెండవదాన్ని అసలు లెక్కలోకే తీసుకోలేదు.

కాలాన్ని కూడా చూడాలి. 1967 నాటినుంచి శ్రీకాకుళం కొండలలో గిరిజన రైతులు భూమికోసం తిరగబడ్డారు. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం హతులయ్యారు. ఆ నెలలోనే విప్లవ రచయితల సంఘం పుట్టింది. అంటే తుపాకి అనే వస్తువు తెలుగు మనసులో ఒక కలవరమై తిరుగుతున్న ఘడియ అది. బయట తుపాకి భూమికోసం పేలుతుండగా, మరుసటి ఏడాది తెరమీద అదే తుపాకి నిధికోసం పేలింది. ఎవరో కుట్ర పన్ని చేసిన పని అని నేననను. వ్యాపార కళకు అటువంటి కుట్ర అవసరం లేదు. ప్రజల మనసులో ఉన్న ఉద్రేకాన్ని పసిగట్టి, దాని కారణాన్ని తీసివేసి, ఉద్రేకాన్ని మాత్రం తిరిగి అమ్మటం దాని సహజ లక్షణం.

అయితే కథ ఇక్కడితో ముగియలేదు. మూడేళ్ళకు, 1974 మే 1న, అదే పద్మాలయా సంస్థ ‘అల్లూరి సీతారామరాజు’ విడుదల చేసింది. అదే కృష్ణ, అదే వి.ఎస్.ఆర్. స్వామి, అదే ఆదినారాయణరావు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలో మరణించగా, పోరాట దృశ్యాలను తీసినది ఆ కె.ఎస్.ఆర్. దాసే. ఎడారిలో గుర్రాన్ని, గుంపును, విశాలమైన ఆవరణను చిత్రించటంలో 1971లో సంపాదించిన అనుభవం ఈ చిత్రంలో చరిత్రను కలుసుకొన్నది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని అడ్డుకొన్నది. గూడెం ప్రాంతంలో రోడ్ల పనికి కూలి ఎగవేసిన అధికారులున్నారు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై దాడులు జరిగాయి. ఇది కల్పన కాదు.

ఈ రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి విద్యార్థులకు పాఠం చెప్పవచ్చు. 1971 చిత్రంలో తుపాకి వీరుడి నడుముకు పుట్టుకతో వచ్చిన ఆభరణంలా ఉంటుంది. 1974 చిత్రంలో తుపాకి ఠాణానుంచి వస్తుంది. అది పాలకుల చేతినుంచి ఊడదీసుకొన్నది. తుపాకి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగానే, అది ఎవరిమీదికి తిరగాలో కూడా చెప్పవలసివస్తుంది. అప్పుడు కొండ వెనుక తెరగా ఉండదు, కొండలో మనుషులు కనబడతారు. అనుకరణనుంచి సృష్టికి సాగే దారి ఇదే.

‘అల్లూరి సీతారామరాజు’ లోపరహితమని నేననటం లేదు. గాము గంటందొర, మల్లుదొర, పేరు తెలియని వందలాది గిరిజనులు ఒక మహావీరుడి నీడలో నిలబడిపోయారు. అటవీ చట్టం అన్న గట్టి వాస్తవం, తెల్లదొరలను తరిమివేయాలన్న విశాలమైన ఆవేశంలో కొంత కరిగిపోయింది. ఆ అటవీ చట్టాల వారసత్వం స్వాతంత్ర్యం తరువాత కూడా గిరిజనుణ్ణి వెంటాడిందన్న సంగతి ప్రేక్షకుడికి తట్టదు. అయినా 1971 చిత్రంతో పోల్చినప్పుడు ఇది ముందడుగని ఒప్పుకోక తప్పదు.

దురదృష్టవశాత్తూ తెలుగు కౌబాయి బాణీ ఈ ముందడుగును అనుసరించలేదు. 1973లోనే కృష్ణ, దాస్‌లు ‘మంచివాళ్ళకు మంచివాడు’ తీశారు. 1990లో చిరంజీవితో ‘కొదమసింహం’, 2002లో మహేష్‌బాబుతో ‘టక్కరి దొంగ’ వచ్చాయి. నిధి స్థానంలోకి వజ్రాల గని వచ్చింది. సాంకేతిక నైపుణ్యం పెరిగింది. టోపీ మరింత నిగనిగలాడింది. కృష్ణ తరువాత ఆయన కుమారుడే ఆ టోపీ పెట్టుకోవటంతో, ఊరూ పేరూ లేని రౌతు వారసత్వపు కథానాయకుడయ్యాడు. 1971 చిత్రంలో ప్రేక్షకుడికి దొరికిన ఆ ఒక్క విముక్తి — వంశం అడగని వీరుడు — కూడా చేయిజారింది.

ఇక భూమి కథ వేరే దారిన పోయింది. 1980లో విడుదలైన ‘మా భూమి’ తెలంగాణా పోరాటాన్ని తెరకెక్కించింది. కిషన్ చందర్ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నరసింగరావు పూనికతో వచ్చిన ఆ చిత్రంలో గడీ ఉన్నది, వెట్టి ఉన్నది, దున్నేవాడు ఉన్నాడు. ఆ తరువాత 1990లలో ఆర్. నారాయణమూర్తి ‘ఎర్రసైన్యం’ వంటి చిత్రాలతో భూమి ప్రశ్నను నేల టిక్కెట్టు ప్రేక్షకుడిదాకా తీసుకుపోయాడు. ఈ ధారను మనం సగర్వంగా చెప్పుకొంటాం. కాని ఒక మాట ఆత్మవిమర్శగా అనుకోవాలి. ఈ చిత్రాలను గురించి వ్యాసాలు వ్రాసిన మనమే, ఆ కుర్రవాళ్ళు ఈలలు వేసిన చిత్రాన్ని మాత్రం ముట్టుకోలేదు. దానివల్ల వారి ఆనందానికీ మన అధ్యయనానికీ మధ్య కంచె పడింది. ఆ కంచె వేసినవారిలో నేనూ ఉన్నాను.

కనుక ఆ రోజు నవ్వి దాటవేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవలసి ఉన్నది. ఆ జాగా ఎవరిదో సినిమా చెప్పలేదు, ఎందుకంటే చెబితే కథ మారిపోతుంది. నిధి దొరికితే కథ సుఖాంతమవుతుంది. భూమి ఎవరిదని అడిగితే అంత సులభంగా ముగియదు. తెలంగాణాలో 1950లోనే కౌలుదారులకు రక్షణ కల్పిస్తూ చట్టం వచ్చింది. ఆ చట్టం ఎవరికి అందింది, ఎవరికి అందకుండా పోయింది అన్నది మా ఊరి ముళ్ళతీగను అడిగితే తెలుస్తుంది. 1874లో అమెరికా మైదానంలో మొదలైన ఆ తీగే నేడు నాదర్‌గుల్‌లో ఉన్నది. ఇంతటి కథావస్తువు కళ్ళయెదుట ఉండగా మన రచయితలు ఇంకా నిధులకోసం తవ్వనక్కరలేదు.

కౌబాయి రూపం మనకు పనికిరాదని నేను చెప్పటం లేదు. ఫోర్‌మన్ దానిచేత పిరికి సమాజాన్ని నిలదీయించాడు. సొలీనాస్ దాన్ని విప్లవంలోకి నడిపించాడు. మనవారే 1974లో దాన్ని మన్యానికి తీసుకుపోయారు. గుర్రం ఎక్కటం నేర్చుకొన్నాం. దిగి, నేలమీద నిలబడి, అది ఎవరిదని అడగటం మిగిలి ఉన్నది. రాబోయే విద్యాసంవత్సరంలో ఈ రెండు చిత్రాలనూ, ‘త్వమేవాహం’తో కలిపి, తరగతిలో చర్చకు పెట్టదలచుకొన్నాను. తోటి అధ్యాపకులు కూడా ఈ పనికి పూనుకోవాలని కోరుతున్నాను. మొదటి ప్రశ్న అడిగే హక్కు మాత్రం మా నాదర్‌గుల్ కుర్రవాడిదే.